చెప్పి వచ్చిన వరద

మా ఆఫీసుకు జపాను నుంచి ఒక ఇంజనీరు, బంగ్లాదేశ్ నుంచి ఒక ఆవిడ వస్తున్నారని తెలిసిన రోజు మేమంతా కూర్చుని చర్చించింది వరదల గురించి కాదు, వాళ్ళకు మధ్యాహ్నం భోజనం ఎక్కడ పెట్టించాలన్న దాని గురించి. జపానాయన మన కారం తట్టుకోగలడా, ఆవిడకు చేప లేకుండా ముద్ద దిగుతుందా అని పెద్ద వాదనే జరిగింది. తీరా వచ్చాక చూస్తే, ఆయనకు పెరుగన్నం దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఆవిడేమో మా క్యాంటీను వాళ్ళతో స్నేహం చేసి, వంటగదిలోకి వెళ్ళి పచ్చిమిరపకాయలు అడిగి తెచ్చుకునేది.

అప్పుడు నేను తిరువళ్ళూరులో డిప్యూటీ తహసీల్దారుని. విపత్తుల విభాగం చూసేదాన్ని. తుఫానులకూ వరదలకూ బాగా దెబ్బతిని, వాటి నుంచి నేర్చుకున్న దేశాలు తమ మనుషుల్ని మిగతా దేశాలకు పంపే పథకం ఒకటి ఉండేది. అందులో భాగంగా వచ్చినవాళ్ళు ఈ ఇద్దరూ. వాళ్ళ వెంట తిరిగే పని నాకు పడింది. నాకేదో వరదల శాస్త్రం తెలుసని కాదు. మాది తిరుత్తణి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఊళ్ళవాళ్ళతో ఒకటి, ఆఫీసులో ఒకటి, అతిథులతో ఒకటి మాట్లాడగలిగిన మనిషి మా విభాగంలో నేనే. మీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మాట్లాడే భాష కూడా ఏదో ఒకనాడు జీతానికి పనికొస్తుంది.

వాళ్ళ పనికి ఎంచిన ఊరు తిరుత్తణికీ పూండి జలాశయానికీ మధ్య, ఏటి ఒడ్డున ఉంది. ఆ ఏటిని మావాళ్ళు కొసస్థలయ్యారు అంటారు. ఎగువన ఆంధ్రావాళ్ళు కుశస్థలి అంటారు. సరిహద్దు అవతల ఒక చిన్న డ్యాము ఉంది. అక్కడ గేట్లెత్తితే నీళ్ళు ఈ ఊరి మీదుగానే పూండికి చేరాలి. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో ఏరు ఉన్నట్టుండి పొంగి కింది వీధిలోకి వచ్చింది. కట్టేసిన గొడ్లు కట్టేసినట్టే పోయాయి. గొడ్ల తాళ్ళు విప్పడానికి వెనక్కి వెళ్ళిన ముసలి దంపతులు కూడా పోయారు. ఆ వీధిలో అందరూ తెలుగువాళ్ళే. కొందరికి సొంత పొలం ఉంది, కొందరు కూలికి పోతారు, ఎదిగిన పిల్లలు గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలలో పనిచేస్తారు. ఇంటికి రెండు ఆవులో నాలుగు మేకలో లేని వాళ్ళు లేరు.

జపానాయన ఏటి మట్టం చూపించే పరికరం వంతెనకు బిగించాడు. నీళ్ళ ట్యాంకు మీద సైరన్ పెట్టించాడు. మా ఆఫీసు తరఫున తమిళంలో ఒక హెచ్చరిక రికార్డు చేయించాం. చదివినాయన గొంతు చాలా గంభీరంగా ఉండేది. రాసిన తమిళం అంతకన్నా గంభీరం. "వెళ్ళ అపాయ ఎచ్చరిక్కై", అంటే వరద ప్రమాద హెచ్చరిక, అంటూ మొదలయ్యే ఆ మాటలు వింటుంటే నాకే ఏదో సన్మానపత్రం చదువుతున్నట్టు అనిపించింది. సైరన్ మోగగానే ఊరంతా మెరకన ఉన్న బడికి రావాలి. ఒక ఎండ రోజున దాన్ని పరీక్షించాలని అనుకున్నాం.

బడి దగ్గర షామియానా వేశాం. పులిహోర పొట్లాలు పెట్టాం. నీళ్ళ క్యాన్లు తెచ్చాం. జపానాయన గేటు దగ్గర చేతిలో గడియారంతో నిలబడ్డాడు. సైరన్ మోగింది. మైకులో గంభీరమైన గొంతు వినిపించింది. మేము దారి చూస్తూ ఉన్నాం. ఒక్కరూ రాలేదు. కాసేపటికి మా జీపు డ్రైవరు పరుగెత్తుకొచ్చి, ఊరంతా ఏటి దగ్గర ఉందని చెప్పాడు.

వెళ్ళి చూస్తే నిజమే. వరదకు తమిళంలో వాడే "వెళ్ళం" అన్న ఒక్క మాట చెవిన పడగానే, అదెలా ఉంటుందో చూద్దామని చంటిబిడ్డల్ని ఎత్తుకుని మరీ గట్టు మీదికి చేరారు. సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. ఏట్లో చీలమండ లోతు నీళ్ళు కూడా లేవు. వేరుశనగకాయల బండివాడు కూడా అక్కడికే వచ్చేశాడు. ఇంకా నీళ్ళు రాలేదేమని నన్నే అడిగారు.

రేపు ఆఫీసులో ఏం చెప్పాలి? జపానాయన గడియారాన్ని చూసుకుని, ఏటిని చూసి, మళ్ళీ గడియారాన్ని చూసుకున్నాడు. బంగ్లాదేశ్ ఆవిడ మాత్రం గట్టు మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆవిడ చిన్నప్పటి నుంచి సముద్రపు ఒడ్డు ఊళ్ళో తుఫాను హెచ్చరికల దళంలో పనిచేసిన మనిషి. తమ ఊళ్ళో మొదటిసారి ఇలాంటి పరీక్ష పెట్టినప్పుడు జనమంతా గొడుగులు వేసుకుని సముద్రం దగ్గరికి వెళ్ళారట. నవ్వు ఆపుకున్నాక నన్ను ఒకటి అడిగింది. నీళ్ళొస్తున్నాయని చెప్పారు సరే, ఎక్కడికి పోవాలో చెప్పారా అని. మా రికార్డులో బడి పేరు చివరి వాక్యంలో ఎక్కడో ఉంది. అంతవరకూ ఎవరు వింటారు?

అక్కడే, గట్టు మీదే, జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడాం. మిగిలిపోతాయనుకున్న పులిహోర పొట్లాలు ఆ విధంగా పనికొచ్చాయి. బడికి ఎందుకు రారో చెప్పమంటే కింది వీధిలో పాలు పోసే ఒక అక్క లేచింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మహిళా సంఘానికి ఆమే పెద్ద.

"మమ్మల్ని బడికి రమ్మంటాండారు. సెరి. మా గొడ్లు యాడికి పోవల్ల? బడిలో ఆవుల్ని కట్టేసేదానికి హెడ్‌మాస్టరు ఒప్పుకుంటాడా?" అంది.

జనం నవ్వారు. గొడ్ల సంగతి మా ప్రణాళికలో లేదు కాబట్టి, దాన్ని తర్జుమా చేయాలా వద్దా అని నేను తటపటాయించాను. కానీ బంగ్లాదేశ్ ఆవిడ అందరూ ఎందుకు నవ్వారో చెప్పమని పట్టుబట్టింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పాల అక్క పక్కకు వెళ్ళి కూర్చుని, తమ దేశంలో మనుషులకు కట్టిన ఆశ్రయాల పక్కనే గొడ్ల కోసం మట్టిదిబ్బలు పోస్తారని, అవి పోశాకే జనం ఇళ్ళు వదిలి రావడం మొదలుపెట్టారని చెప్పింది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ మధ్య నేను ఉన్నా లేకపోయినా మాటలు నడిచేవి. ఒకరు బెంగాలీలో, ఒకరు తెలుగులో. ఆవుల గురించి మాట్లాడుకోవడానికి నా అవసరం పెద్దగా ఉండేది కాదు.

దిబ్బ పోయడానికి ఊళ్ళో ఖాళీ జాగా లేదు. ఎత్తయిన చోటు ఒక్కటే ఉంది. రైసుమిల్లు. ఇప్పటి ఓనరు నాన్న కాలంలో మట్టి తోలించి ఎత్తు చేసి కట్టిన మిల్లు. చుట్టూ వడ్లు ఎండబోసే పెద్ద సిమెంటు కళ్ళం. మిల్లు ఓనరు ఒంటరి మనిషి, కొంచెం ముక్కోపి. ఊళ్ళో సగం మందితో ఆయనకు మాటలు లేవు. మిగతా సగం మందికి ఆయనంటే భయం.

మేము ముగ్గురం వెళ్ళాం. కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించాడు. సంగతి విన్నాక తల అడ్డంగా ఊపాడు.

"మనుషుల్ని రమ్మనండి మేడం, వద్దనను. గొడ్లొస్తే నా కళ్ళం ఏం గావల్ల? అది వడ్లు పోసే చోటు. ఆ యమ్మను అడగండి, వాళ్ళ ఊళ్ళో ఎవురైనా ఇట్ల ఇచ్చినారా అని."

అడిగాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా, నేను తర్జుమా చేయడానికి వీలుగా ఒక్కో మాటా చెప్పింది. తన చిన్నప్పుడు ఊళ్ళో ఒకే ఒక పక్కా మేడ ఉండేదట. అది తన మేనమామది. తుఫాను వచ్చిన రోజు ఆయన మనుషులందరికీ తలుపు తీశాడు. గొడ్లను మాత్రం లోపలికి రానివ్వలేదు. తన తల్లి ఆవును బయట కట్టేసి పైకి వచ్చింది. నీళ్ళు పెరిగాక ఆవు అరుపు విని, ఉండలేక, దిగి వెళ్ళింది.

తర్వాత ఏమైందో ఆవిడ చెప్పలేదు. మేనమామ చెడ్డవాడు కాడని, ఆయనకు ఆ ఆలోచన రాలేదంతేనని, చనిపోయేదాకా ఆ సంగతే తలుచుకుని బాధపడ్డాడని మాత్రం అంది.

మిల్లు ఓనరు కళ్ళం వైపు తిరిగి అన్నాడు: "ఆవులు రావచ్చు. ఎనుములు రావచ్చు. మేకలు మాత్రం వద్దు. అవి మూటలు కొరికేస్తాయి."

అది తర్జుమా చేయగానే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. బయట నిలబడ్డ మిల్లు కూలీలు కూడా అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

మిగతాది త్వరగానే కుదిరింది. ఆవిడ తమ దేశపు పద్ధతి ఒకటి నేర్పింది. నీళ్ళ ట్యాంకు మీద ఒక జెండా ఎగిరితే జాగ్రత్తగా ఉండాలి. రెండు ఎగిరితే గొడ్లు మిల్లుకు కదలాలి. మూడు ఎగిరితే మనుషులంతా కూడా, బడికి కాకుండా మిల్లుకే కదలాలి. జెండాల బాధ్యత పాల అక్కకూ ఆమె సంఘం వాళ్ళకూ అప్పగించాం. గంభీరమైన గొంతును తీసేశాం. చేతి మైకు పట్టుకుని వీధుల్లో వాళ్ళే అరుస్తారు. నీళ్ళొస్తున్నాయని కాదు, "మిల్లుకు పదండి" అని. ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో. బంగ్లాదేశ్ ఆవిడ కూడా ఆ రెండు ముక్కలూ నేర్చుకుని, కనిపించిన వాళ్ళందరినీ మిల్లుకు పదమనేది.

జపానాయనకు మాత్రం ఒక వెలితి ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ, పై డ్యాములో గేట్లెత్తితే మీకు ఎలా తెలుస్తుందని అడిగాడు. చెప్పాను. డ్యాము నుంచి వాళ్ళ జిల్లాకు, అక్కడి నుంచి వాళ్ళ రాజధానికి, అక్కడి నుంచి మా రాజధానికి, అక్కడి నుంచి మా జిల్లాకు కబురు వస్తుంది. ఆయన కాగితం మీద ఆ దారి గీసుకున్నాడు. పెద్ద కొండలాగా వచ్చింది. దాని కింద ఏటిని చిన్న గీతగా గీశాడు.

పైవాళ్ళు ఏ భాష మాట్లాడతారని అడిగాడు. తెలుగు అన్నాను. మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాడు. తెలుగే అన్నాను. ఆయన గ్లాసులో మిగిలిన మజ్జిగ మెల్లగా తాగాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత మర్యాదగా తిట్టలేదు.

తమ ఊరి నది మీద పైన పనిచేసేవాళ్ళూ కింద పనిచేసేవాళ్ళూ వానలకు ముందు ఒకసారి కలిసి భోజనం చేస్తారని, మనమూ చేద్దామని ఆయన అన్నాడు. కబుర్లు పంపడానికి రూల్సు ఉన్నాయి కానీ భోజనానికి ఏ రూలూ అడ్డురాదు కదా. మా ఆఫీసరు కూడా నవ్వి సరేనన్నారు. డ్యాము దగ్గర పనిచేసే ఇంజనీరును తిరుత్తణిలో ఒక మెస్సుకు పిలిచాను. ఆ రోజు కృత్తిక అని, కొండ మీది గుడికి జనం పోటెత్తే రోజని నాకు గుర్తులేదు. మెస్సు నిండా గుండ్లకు గంధం పూసుకున్న భక్తులు. ఒక మూల బల్ల దొరకడమే గగనమైంది.

డ్యాము ఇంజనీరు మొదట బిగుసుకుని కూర్చున్నాడు. ఇద్దరు విదేశీయులు, ఒక తమిళనాడు ఆఫీసరు అంటే ఏం అడుగుతారోనని అనుమానం. మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయన వదిన పుట్టిల్లు ఆ ఊరేనట. పప్పు వడ్డించేసరికి నేను ఆయనకు అక్కనయ్యాను. పాయసం వచ్చేసరికి ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఒక్క తెలుగు ముక్క అర్థం కాకపోయినా జపానాయన మా ఇద్దరినీ చూస్తూ, పెళ్ళిచూపులు కుదిర్చిన పెద్దమనిషిలా, ఆనందంగా పెరుగన్నం తిన్నాడు. మమ్మల్ని కలపడానికి ఒక మనిషి అంత దూరం నుంచి రావలసి వచ్చిందని ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. మరుసటి ఏడు తమిళుల ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వాయుగుండం పట్టింది. వాన తెరిపి లేకుండా కురిసింది. ట్యాంకు మీద ఒక జెండా ఎగిరింది. నేను తిరువళ్ళూరులో ఆఫీసులోనే ఉన్నాను. పొద్దున టిఫిను తింటుండగా డ్యాము ఇంజనీరు ఫోను చేశాడు.

"అక్కా, గేట్లు ఎత్తబోతాండాము. ఇంకాసేపటికి ఇడుస్తాము. పోయినసారి కంటే ఎక్కువే. కాగితం వెనకాల వస్తాది" అన్నాడు.

మా ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పైనుంచి కబురు వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. ఫోను మాట మీద ఊరు ఖాళీ చేయించి, తీరా నీళ్ళు రాకపోతే జనం మళ్ళీ మన మాట వినరు. నీళ్ళు వచ్చి, మనం ఊరుకున్నామంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ ఫోను చేసిన మనిషిని నాకు ఎలా తెలుసని అడిగారు. కలిసి భోజనం చేశామని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, జీపు తీసుకుని వెళ్ళమన్నారు. జీపు ఎక్కుతూనే పాల అక్కకు ఫోను చేశాను. "సెరిమ్మా" అని ఒక్క మాట అని పెట్టేసింది.

నేను చేరేసరికి రెండు జెండాలు ఎగురుతున్నాయి. వానలో గొడ్లు బారుగా మిల్లు దారి పట్టాయి. మిల్లు ఓనరు గేటు దగ్గర గొడుగు పట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, ఆవులు ఎడమ పక్కకు, ఎనుములు కుడి పక్కకు అని పోలీసులా చేయి చూపిస్తున్నాడు. వచ్చిన మేకల్ని చూసి కాసేపు ముఖం అటు తిప్పుకున్నాడు. తర్వాత ఊక షెడ్డు తలుపు ఆయనే తీశాడు.

కింది వీధిలో ఒక ముసలాయన మాత్రం రానన్నాడు. ఇలాంటి వానలు ఎన్నో చూశానని మంచం మీద పడుకున్నాడు. నేను చెప్పాను, బందోబస్తుకు వచ్చిన పోలీసాయన చెప్పాడు, లాభం లేకపోయింది. పాల అక్క వచ్చి ఆయనతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. కొట్టంలోకి వెళ్ళి ఆయన ఆవు తాడు విప్పి, తోలుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన లేచి, "నా ఆవును యాడికి తోలుకుపోతాండావు" అని అరుస్తూ, ఆమెను తిట్టుకుంటూ మిల్లు దాకా వచ్చాడు. వచ్చాక ఆవు పక్కన కూర్చుని తిట్లు పూర్తి చేశాడు. అప్పటికి మూడో జెండా ఎగిరింది.

మధ్యాహ్నానికి ఏరు వచ్చింది. మేమంతా కళ్ళం అంచున నిలబడి చూశాం. ముందు గట్టు కనబడకుండా పోయింది. తర్వాత రోడ్డు. తర్వాత కింది వీధి గోడలు సగం దాకా మునిగాయి. ఒక గడ్డివామి నిలువునా తేలి వెళ్ళిపోయింది. ఒకామె ముఖం కప్పుకుని ఏడ్చింది. వెనక గొడ్లు నెమరేస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది.

అప్పుడే జపానాయన నుంచి ఫోను. వంతెన మీది పరికరం పంపే మట్టాన్ని ఆయన తన ఇంట్లో కూర్చుని చూస్తూ ఉన్నాడట. మనుషులెక్కడ అని అడిగాడు. మిల్లులో అన్నాను. తర్వాత, ఆవులెక్కడ అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన నోట వినగానే అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు నాకు వచ్చేసింది. మిల్లులోనే అన్నాను. తర్వాత బంగ్లాదేశ్ ఆవిడ వీడియోలో పలికింది. నన్ను పక్కకు జరగమని, ఊక షెడ్డులోని మేకలతో సహా అన్నీ చూపించేదాకా వదల్లేదు. మిల్లు ఓనరు కూడా ఫోనులోకి తొంగిచూసి ఆవిడకు దండం పెట్టాడు. గేట్లు ఎత్తుతున్నట్టు కాగితం సాయంత్రానికి వచ్చింది. దాన్ని మర్యాదగా తీసుకుని ఫైలులో పెట్టించాం.

ఇళ్ళు కొన్ని కూలాయి. బియ్యం, గుడ్డలు తడిసిపోయాయి. చేలల్లో ఇసుక మేట వేసింది. అవి చిన్న నష్టాలని నేను అనను. కానీ మనుషులంతా ఉన్నారు. ఒక్క గొడ్డు కూడా పోలేదు.

మరునాడు వాన తెరిపిచ్చాక, అడుసు ఎత్తిపోస్తున్న వేళ, బురదకొట్టుకుపోయిన మోటారు సైకిలు మీద డ్యాము ఇంజనీరు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. అన్నేళ్ళుగా నీళ్ళు వదులుతున్నా, అవి ఎక్కడికి పోతాయో తాను ఒక్కసారీ చూడలేదని, చూడాలనిపించి వచ్చానని అన్నాడు. కింది వీధి గోడల మీద నీళ్ళు నిలిచిన గీతను చేత్తో తడిమి చూశాడు. అది ఆయన భుజం దాకా ఉంది.

"ఇంత వస్తాదని నాకు తెలీదమ్మా" అన్నాడు పాల అక్కతో. తల ఎత్తలేదు.

ఆమె చేతిలోని పార గోడకు ఆనించింది. "ఈ తూరి చెప్పి పంపించినావు కదా సామీ. చెప్పి వచ్చినాక ఎట్లనో సర్దుకున్నాము" అంది. లోపలికి వెళ్ళి, మిగిలిన ఒక్క పొయ్యి మీద పాలు కాచి, టీ చేసి తెచ్చింది. ఆయన అరుగు తుడుచుకుని కూర్చుని తాగాడు.

వెళ్ళబోతూ ఆయన నా వైపు తిరిగి, మళ్ళీ ఎప్పుడైనా గేట్లెత్తితే మొదట మీకే చేస్తాను అక్కా అన్నాడు. పాల అక్క కలగజేసుకుంది. "ఆ యమ్మ ఈ ఏడు రిటైరవుతాది. నా నంబరు రాసుకో" అంది. ఆయన రాసుకుని, సరిగ్గా ఉందో లేదోనని అక్కడే నిలబడి ఫోను చేశాడు. ఆమె కొంగులో ఫోను మోగింది. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషితోనే, "ఆ, వినిపిస్తాండాది, చెప్పు" అంది.

ఇద్దరూ అలా మాట్లాడుకుంటుంటే నేను పక్కన ఊరికే నిలబడ్డాను. తర్జుమా చేయడానికి ఏమీ లేదు. ఉద్యోగంలో నాకు అంత హాయిగా అనిపించిన రోజు ఇంకోటి లేదు.